లేదు మేడమ్

రెండు నిమిషాల సాక్ష్యంలో రేలిన్ చెప్పినదంతా జరిగిందే. ఆ తరవాత అడిగిన ఒక్క ప్రశ్నకి ఆమె చెప్పిన జవాబే అబద్ధం.

ఆ జవాబు చెప్పేనాటికి రేలిన్ కాడిల్‌కి ఇరవై ఒక్కేళ్ళు. ఒహాయో రాష్ట్రంలో ఆగ్నేయ మూలన, బొగ్గు గనులు మూతపడ్డ కొండల మధ్య వాళ్ళ ఊరు. తండ్రి ఆమె పదో ఏట పోయాడు. తల్లి డార్లా వృద్ధాశ్రమంలో మంచాన పడ్డవాళ్ళని లేపీ దింపీ నడుం పోగొట్టుకుని, ట్రైలర్ ఇంట్లో వేడినీళ్ళ సంచీ వీపుకి ఆనించుకుని కూర్చునే స్థితికి వచ్చింది. ఆ ఇంటినుంచి కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి రేలిన్.

మార్లో స్టేట్ యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలోనే ఆ ఆట జరిగింది. వైవిధ్యం, సమాన అవకాశాల పేరుతో అక్కడో సెంటర్ ఉండేది. వాళ్ళు పిలిపించిన శిక్షకుడొకడు రెండు వందలమంది కొత్త విద్యార్థుల్ని వ్యాయామశాలలో ఒకే వరసలో నిలబెట్టాడు. మైకు పట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. "దుకాణంలో మీ వెనకాల ఎవరూ కాపలాగా నడవకపోతే ఒక అడుగు ముందుకి." "పోలీసు కారు ఆపితే ప్రాణభయం వేయకపోతే ఒక అడుగు ముందుకి." తెల్లజాతి పిల్ల రేలిన్ నిజాయితీగా అడుగులు వేసింది. కరెంటు తీసేసిన ఇంట్లో చలికాలం గడిపినవాళ్ళు ఒకడుగు వెనక్కి వేయాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆట అయ్యేసరికి ఆమె ముందు వరసలో ఉంది.

"ముందున్నవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరగండి. మీరెక్కడున్నారో, మీ తోటివాళ్ళెక్కడున్నారో చూడండి," అన్నాడు శిక్షకుడు.

చూసింది. వెనక వరసలో క్లీవ్‌లాండ్ గుండె డాక్టరుగారి అబ్బాయి, నల్లజాతివాడు, తనూ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఆట అతనికీ నచ్చినట్టు లేదు. రేలిన్‌కి ఏదో అనాలనిపించింది గాని అనలేదు. అప్పట్లో ఆమె నోరు తెరిచి మాట్లాడేది కాదు. పైవరసలో ముందు పన్ను నల్లగా పుచ్చిపోయి ఉండేది. మాట్లాడవలసి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆ అక్టోబరులో ఆ పన్నే వాచింది. బుగ్గ బూరెలా ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి, జ్వరంతో క్లాసుకి పోతుంటే వరండాలో ఒకావిడ ఆపింది. యాభై దాటిన నల్లజాతి ఆవిడ, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు.

"ఆగు తల్లీ. ఎన్నాళ్ళైంది ఇలా?"

"ఏం లేదండీ. తగ్గిపోతుంది."

"తగ్గేది కాదది, మెదడుకెక్కేది. పద."

ఆవిడే వెర్లీన్ పెటిఫర్డ్. ఆ సెంటర్‌లో ఉప సంచాలకురాలు. పిల్లలంతా మిస్ వెర్లీన్ అనేవారు. గంటన్నర దూరంలో ఉన్న దంతవైద్యుడి దగ్గరికి తన కారులోనే తీసుకెళ్ళింది. ఆ రోజొక్కటే కాదు, మూడుసార్లు. సెంటర్ చేతిలో ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల కోసం ఒక నిధి ఉండేది. పుచ్చిన పన్ను పీకించి, ఆ చోట కొత్త పన్ను పెట్టించింది అందులోనుంచే. ఒంటి రంగు అడిగేవారు కాదు, అవసరం అడిగేవారు.

మూడోసారి తిరిగి వస్తుంటే రేలిన్, నోరు ఇంకా మొద్దుబారి ఉండగానే, ఆ ఆట సంగతి చెప్పింది. ఎందుకు చెప్పిందో తనకే తెలియదు. వెర్లీన్ కారు వేగం తగ్గించింది.

"అది తప్పు. పిల్లల్ని అలా నిలబెట్టి చూపించడం ఎవరు చేసినా తప్పే. వచ్చే ఏడాది ఉండదు," అంది.

మరుసటి ఏడాది లేదు. ఆ తరవాత కూడా లేదు.

ఇంటికెళ్ళినప్పుడు తల్లి గడ్డం పట్టుకుని, పన్ను చూసి మురిసిపోయింది. "ఎవరు చేయించారే?" అంటే, "విద్యార్థుల ఇన్సూరెన్సులో చేశారమ్మా" అని చెప్పింది రేలిన్. కాడిల్ వాళ్ళు ఒకరి దగ్గర చెయ్యి చాచరన్నది తల్లి గర్వంగా చెప్పుకునే మాట.

రేలిన్ మూడో ఏడాదిలోకి వచ్చేసరికి దేశమంతా ఇదే గొడవ. ఇలాంటి సెంటర్లు ఉండాలా పోవాలా అని టీవీలో ఒకరిమీదొకరు అరుచుకుంటున్నారు. రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిటిలో వీటిని మూసేయాలని ఒక బిల్లు వచ్చింది. క్లాసులో దానిమీద వాదన జరుగుతుంటే, ఎదురుగా కూర్చున్న అమ్మాయి రేలిన్ వైపు చెయ్యి చూపించి, "నీలాంటివాళ్ళకేం, ఉన్నా లేకపోయినా ఒకటే" అంది. రేలిన్‌కి ఒళ్ళు మండిపోయింది. గదికొచ్చి, వ్యాయామశాలలో జరిగినదంతా రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది. వెనక్కి తిరిగి చూడమన్న మాటతో ఆపేసింది. తరవాత జరిగింది రాయలేదు. రాస్తే పన్ను సంగతి రాయాలి.

వారం తిరక్కుండా వేలమంది చదివారు. బిల్లు పెట్టిన సెనేటర్ లయల్ హార్ట్‌సాక్ దగ్గర పనిచేసే బ్రైస్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. "మీరు రాసిందే వచ్చి చదివితే చాలండీ. రెండు నిమిషాలు. భయపడాల్సిందేమీ లేదు."

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మేనమామ డ్వైట్ తన ట్రక్కులో రాష్ట్ర రాజధాని కొలంబస్ తీసుకెళ్ళాడు. శాసనసభ భవనం మెట్లమీద నినాదాల అట్టలు పట్టుకున్న విద్యార్థులు, లోపల వరండా పొడుగునా గోడలకానుకుని కూర్చున్న జనం. వందల్లో వచ్చారు, నూటికి తొంభైమంది బిల్లు వద్దనేవాళ్ళే. డ్వైట్ వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ, "వీళ్ళకి పనీ పాటా లేదా ఏంటే? మంగళవారం పూట ఇంతమందికి సెలవా?" అన్నాడు.

"నువ్వూ సెలవు పెట్టేగా వచ్చావు మామయ్యా."

"నేను నా మేనకోడలి కోసం వచ్చాను. అది వేరు."

సెనేట్ కమిటీ విచారణలో బిల్లు కావాలనేవాళ్ళని ముందు పిలిచారు. రేలిన్ పేరు మూడోది. సెనేటర్ హార్ట్‌సాక్ నెమ్మదైన మనిషి, తాతగారిలా ఉన్నాడు. "నెమ్మదిగా చదువమ్మా, తొందరేం లేదు," అన్నాడు. చదివింది. కెమెరాలు చూస్తుండగా నోరు తెరిచి, చెయ్యి అడ్డం పెట్టకుండా, ప్రతి మాటా స్పష్టంగా చదివింది. అయ్యాక సెనేటర్ కళ్ళజోడు తీసి, "నీ ధైర్యానికి మెచ్చుకోవాలి," అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే తడి ఉంది.

అప్పుడు బల్ల చివరినుంచి, బిల్లుని వ్యతిరేకిస్తున్న సెనేటర్ డోరియా విట్‌లో మైకు దగ్గరికి లాక్కుంది.

"మిస్ కాడిల్, మీకలా జరిగినందుకు బాధగా ఉంది. ఒక్కటే అడుగుతాను. ఆ సెంటర్‌నుంచి మీరు స్వయంగా ఎప్పుడైనా, ఏదైనా సాయం పొందారా?"

కఠినంగా అడగలేదావిడ. మామూలుగా అడిగింది. కాని అవునంటే ఏం సాయమని అడుగుతారు. ఏమిటో చెప్పాలి. వెనకాల డ్వైట్ ఉన్నాడు. ఎదురుగా కెమెరాలు. ఊళ్ళో తల్లి, తల్లి చుట్టూ చర్చి ఆడవాళ్ళు, అందరూ ఫోనులో చూస్తున్నారు.

"లేదు మేడమ్," అంది రేలిన్.

కాగితాలు తీసుకుని లేచి వెనక్కి తిరిగింది. మూడో వరసలో, నడిమి దారి పక్కన, వెర్లీన్ పెటిఫర్డ్ కూర్చుని ఉంది. ఒళ్ళో టైపు చేసిన కాగితం, వేళ్ళ మధ్య తన వరస సంఖ్య రాసి ఉన్న చీటీ. ఇద్దరి చూపులూ కలిశాయి. వెర్లీన్ ముఖంలో కోపం కనపడలేదు. ఆశ్చర్యమూ లేదు. మెడలో వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుని, తన కాగితంలోకి చూసుకుంది. రేలిన్ వెళ్ళి డ్వైట్ పక్కన కూర్చుంది.

వెంటనే వెళ్ళిపోదామంటే డ్వైట్ ఒప్పుకోలేదు. విరామంలో సెనేటర్‌తో ఫోటో తీస్తామని బ్రైస్ చెప్పాడట. ఆ విరామం రావడానికి నాలుగు గంటలు పట్టింది. అందుకే వెర్లీన్ వంతు వచ్చినప్పుడు రేలిన్ ఇంకా ఆ గదిలోనే ఉంది.

పిలవగానే వెర్లీన్ లేవలేదు. కలం తీసి కాగితం మీద ఒక వాక్యమేదో అడ్డంగా కొట్టేసింది. రేలిన్ అది చూసింది. తరవాత వెళ్ళి మైకు ముందు కూర్చుని, తమ సెంటర్ ఏం చేస్తుందో రెండు నిమిషాల్లో చెప్పింది. సైన్యంనుంచి వచ్చిన విద్యార్థులు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన కొండ ప్రాంతపు పిల్లలు. సెనేటర్ హార్ట్‌సాక్ ఓపిగ్గా విన్నాడు.

"మిస్ పెటిఫర్డ్, పొద్దున మీ విద్యార్థినే ఒకమ్మాయి ఏం చెప్పిందో విన్నారుగా. దానికి మీ జవాబేమిటి?"

"ఆ అమ్మాయి చెప్పింది జరిగింది సార్. జరక్కూడదు. మేమే చేశాం. ఆ తరవాత ఆపేశాం."

"ఎందుకు ఆపేశారు?"

"ఒక విద్యార్థి వచ్చి నాకు చెప్పింది కాబట్టి."

సెనేటర్ విట్‌లో ముందుకి వంగింది. "ఎవరా విద్యార్థి?"

"పిల్లలు నాతో చెప్పుకున్నవి నేను బయట చెప్పను మేడమ్," అంది వెర్లీన్. లేచి, వెనక్కి తిరక్కుండా, పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

రేలిన్ తల వంచుకుని చేతులు చూసుకుంటూ కూర్చుంది. పక్కనుంచి డ్వైట్, "చూశావా, ఒప్పుకుంది! దెబ్బకి ఒప్పించావే!" అని భుజం చరిచాడు.

ఊళ్ళో ఆదివారం చర్చి అయ్యాక పాస్టర్ నుంచి పెట్రోలు బంకులో ఆవిడ దాకా అందరూ చెయ్యి కలిపారు. డార్లా నడుం నొప్పిని కూడా మరిచి వచ్చి, కూతురి పక్కన నిటారుగా నిలబడింది. "ఎక్కడా తడబడలేదమ్మా మీ అమ్మాయి," అని ఒకావిడ అంటే, "చిన్నప్పుడు నోరే విప్పేది కాదు," అంది.

మార్చిలో బిల్లు చట్టమైంది. జూన్ నెలాఖరుకి సెంటర్ మూతపడుతుందనీ, పదకొండుమంది ఉద్యోగాలు పోతాయనీ యూనివర్సిటీ ఉత్తరం పంపింది. సాయం నిధి ఏమవుతుందో ఉత్తరంలో లేదు. ఏప్రిల్లో ఒక రోజు గ్రంథాలయం మెట్లమీద ఒక మొదటి ఏడాది అమ్మాయి రేలిన్‌ని ఆపింది. రేలిన్ వాళ్ళ పక్క ఊరు. కళ్ళజోడు ముక్కు దగ్గర విరిగితే టేపు చుట్టుకుంది.

"మీరు వీడియోలో వచ్చారు కదక్కా? మీకు తెలుసుంటుందని అడుగుతున్నా. ఇలాంటివాటికి మిస్ వెర్లీన్ దగ్గరికెళ్ళమనేవారు, ఇప్పుడక్కడ ఎవరూ కాగితాలు తీసుకోవట్లేదు. ఇంకెవర్నడగాలి?"

ఆ అమ్మాయి ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. రేలిన్ "తెలీదు," అని గబగబా మెట్లు దిగి వచ్చేసింది. ఆ సాయంత్రమే బ్రైస్‌కి ఫోన్ చేసింది.

"నేను ఆ రోజు ఒక జవాబు తప్పు చెప్పాను. దాన్ని దిద్దాలి."

"ఏ జవాబు?" అన్నాడు. చెప్పింది.

"చూడండి, సాక్ష్యాల రికార్డు మూసేశారు. చట్టం కూడా అయిపోయింది. అయినా మీరంత మనసులో పెట్టుకోనక్కర్లేదు. ఓట్లు మాకు ముందునుంచే ఉన్నాయి. మీరు రాకపోయినా ఇది పాసయ్యేది."

ఓదార్పుగానే అన్నాడు. కాని ఫోన్ పెట్టేశాక రేలిన్‌కి మరింత చిన్నతనంగా అనిపించింది. ఆ అబద్ధం వాళ్ళకి కూడా అక్కర్లేదు. అది తన కోసం తాను చెప్పుకున్నది.

ఇంకో పది రోజులు వెర్లీన్ ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడంతోనే గడిచింది. మే మొదటి వారంలో లోపలికి వెళ్ళింది. వెర్లీన్ అరల్లోంచి పుస్తకాలు తీసి పెట్టెల్లో సర్దుతోంది. తలెత్తి చూసింది.

"తలుపు వెయ్యి. ఏసీ చల్లదనం పోతుంది."

తలుపు వేసి అక్కడే నిలబడింది రేలిన్.

"మిస్ వెర్లీన్, నేనా రోజు..."

"ఆ రోజు ఏమన్నావో నేనక్కడే ఉన్నాను. నాకు చెప్పక్కర్లేదు."

"మీరు చెప్పేసి ఉండొచ్చు. మీ కాగితంలో ఏదో కొట్టేశారు. నా పేరేనా?"

"నీ పేరు కాదు. 'ఆ అమ్మాయిని దంతవైద్యుడి దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళింది నేనే' అని నువ్వు లేచి వెళ్ళగానే రాసుకున్నాను. నాలుగు గంటలు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తరవాత కొట్టేశాను." పుస్తకం పెట్టెలో పెట్టింది. "అది నీ మీద ప్రేమతో చేశాననుకోకు. ఇరవై ఆరేళ్ళుగా ఏ పిల్ల సంగతీ బయట పెట్టలేదు నేను. నీతో మొదలుపెట్టదలచుకోలేదు, అంతే."

"మీకు కోపం లేదా?"

"ఎందుకు లేదు? బోలెడుంది. ఇంట్లో మా ఆయన్ని అడుగు, చెబుతాడు. ఆ ఆట గురించి నువ్వు చెప్పావు, బాగానే చేశావు. నీకు జరిగింది నువ్వు చెప్పుకోవాలి. సెంటర్ వద్దనుకుంటే వద్దని చెప్పు, అదీ నీ ఇష్టం. కాని నన్ను చూడనట్టు చెప్పావు చూడు... నువ్వు నొప్పికి ఏడుస్తుంటే నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నదాన్ని."

రేలిన్ ముఖం చేతుల్లో దాచుకుంది. "నన్ను క్షమించమని అడగడానికి..."

"ఇప్పుడడక్కు," అంది వెర్లీన్, గొంతు పెంచకుండా. "అడిగితే నేను పరవాలేదులే అనాలి. ముప్ఫైమంది పిల్లల తల్లులకి ఫోన్లు చేసి, ఇక నేనుండను, ఫలానా చోట అడగండి అని చెప్పాల్సిన పనుంది నాకీవారం. నీ బరువు దించే ఓపిక లేదు. నాకు తెలిసిన సంగతే నాకొచ్చి చెప్పడం తేలిక, తల్లీ. తెలియనివాళ్ళకి చెప్పు."

ఆ 'తల్లీ' అలవాటుకొద్దీ వచ్చిందని ఇద్దరికీ తెలుసు. రేలిన్ బయటికి వచ్చేసింది.

ఆ ఆదివారం ఇంటికెళ్ళింది. డార్లా బీన్స్ ఉడికించి, ఇనప పెనంలో మొక్కజొన్న రొట్టె చేసింది. డ్వైట్ కూడా వచ్చాడు. రొట్టె విరిచి వెన్న రాస్తుండగా రేలిన్ చెప్పేసింది. పన్ను, కారు, మూడుసార్లు వెళ్ళడం, ఆట ఆగిపోవడం, అన్నీ.

డ్వైట్ ముందు తేరుకున్నాడు. "సరే, అయితే ఏంటట? పన్ను నోట్లో ఉంది, చట్టం కాగితంలో ఉంది. ఇప్పుడు దీన్ని తవ్వితే ఎవరికి లాభం? ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నా మొహం సంగతి చూడు ముందు," అంది డార్లా. ఆమె మెడ ఎర్రబడింది. "నేను ఇన్సూరెన్సనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ నా కూతుర్ని డాక్టరుకి చూపిస్తే, నాకొక మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

"ఆగు." డార్లా చెంచా కింద పెట్టింది. "ఒకటి చెప్పు. ఆవిడ తెల్లావిడైతే చెప్పేదానివా?"

డ్వైట్ నవ్వబోయి ఆగిపోయాడు. రేలిన్ నోరు తెరిచింది. కాదని వెంటనే అనాలనుకుంది. అనలేకపోయింది. తల్లితో అబద్ధం చెప్పినప్పుడు, మైకు ముందు కూర్చున్నప్పుడు, ఆ ప్రశ్న తనని తాను ఎప్పుడూ అడుక్కోలేదు.

"తెలీదమ్మా," అంది చివరికి.

డార్లా లేచి గిన్నెలు తీసింది.

జూన్‌లో యూనివర్సిటీ ధర్మకర్తల సమావేశం జరిగింది. సెంటర్ మూసివేతని లాంఛనంగా ఆమోదించే సమావేశం. ఎవరైనా పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. రేలిన్ రాయించుకుంది. ఈసారి కాగితం లేదు. "ఫిబ్రవరిలో నేను కొలంబస్‌లో అబద్ధం చెప్పాను," అని మొదలుపెట్టి, పుచ్చిన పన్నుతో సహా చెప్పింది. మూడు నిమిషాలకి ముందే అయిపోయింది. అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్పి తరవాతి పేరు పిలిచాడు. పావుగంటకి ధర్మకర్తలంతా చేతులెత్తారు. సెంటర్ మూతపడింది.

ఆ వీడియో కూడా కొందరు చూశారు. ముందు మెచ్చుకున్నవాళ్ళు అమ్ముడుపోయిందన్నారు. బిల్లు వద్దన్నవాళ్ళు, ఇల్లు కాలాక నీళ్ళు తెచ్చిందన్నారు. వాళ్ళమీద రేలిన్‌కి కోపం రాలేదు. డ్వైట్ రెండు నెలలు మాట్లాడలేదు. చర్చిలో డార్లా ఎప్పుడూ కూర్చునే వరసలోనే కూర్చుంది. పక్కవాళ్ళు కొంచెం జరిగి కూర్చున్నారు.

వెర్లీన్‌కి టొలీడోలో ఒక చిన్న కాలేజీలో ఉద్యోగం దొరికిందని విని, ఆగస్టులో రేలిన్ ఒక ఉత్తరం రాసింది. క్షమించమని అడగలేదు. ధర్మకర్తల ముందు ఏం చెప్పిందో మాత్రం రాసింది. జవాబు రాలేదు.

అక్టోబరులో ఇంటికెళ్తే వంటింటి బల్లమీద ఒక కార్డు కనిపించింది. టొలీడో ముద్ర. రేలిన్ గబుక్కున అందుకోబోయింది. డార్లా పొయ్యి దగ్గర్నుంచి చూసింది.

"నాకొచ్చింది. నేనూ రాశాన్లే ఆవిడకి. అప్పుడే చెప్పాల్సిన థాంక్స్ చెప్పాను, నిన్ను డాక్టరుకి చూపించినందుకు. నా నడుం సంగతీ, ఇక్కడి సంగతులూ రాశాను. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులట. ఏదో తైలం పేరు రాసింది."

"నా గురించేమైనా..."

డార్లా తల అడ్డంగా ఊపింది. "చదువుకుంటావా? తీసుకో," అంది.

"నీకు రాసింది కదమ్మా," అంది రేలిన్. చేతులు కడుక్కుని, తల్లి పక్కకి వెళ్ళి బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టింది.